దిగుడులో న్యూట్రల్

మార్చి 4
నాన్న కారు కొన్నాడు. సెకండ్‌హ్యాండ్ ఎస్‌యూవీ, ఆటోమేటిక్, మా వంటింటికంటే పెద్దది. ముప్పయ్యేళ్లు బస్సు నడిపి ఊళ్లో వాళ్లందర్నీ తిప్పాడు, రిటైరయ్యాడు కాబట్టి ఇక అమ్మని తిప్పుతాడట. ఎక్కడానికి నిచ్చెన కూడా కొన్నారా అంది అమ్మ. బెల్టు పెట్టుకుంటూ తెగ సిగ్గుపడింది.

మార్చి 19
కారుకి ఎక్కిళ్లు.

మార్చి 22, ఉదయం 11
షెడ్డులో ఉన్నాం. గేరు రెండు నుంచి మూడుకి మారేటప్పుడల్లా వెనకనుంచి ఎవరో తన్నినట్టు జెర్క్. డ్రైవ్‌లో వేశాక కదలాలా వద్దా అని బండి కాసేపు ఆలోచిస్తోంది. మెకానిక్ గేర్ ఆయిల్ తీసి గుడ్డ మీద అద్ది నా ముక్కు దగ్గర పెట్టాడు. మాడు వాసన. ఎర్రగా ఉండాల్సింది నల్లగా ఉంది. వాల్వ్ బాడీ మార్చాల్సొస్తే నలభై వేలు, గేర్‌బాక్స్ విప్పితే లక్షన్నర. పాత బండి కొనేముందు చూడాల్సింది ఈ ఆయిల్ తల్లీ, సీటు కవర్లు కాదు అన్నాడు. సీటు కవర్లు చూసి సరే అన్నది నేనే.

నాన్న దూరంగా నిలబడి మూడు టీలు తాగాడు.

మార్చి 25
ట్రయల్. నాన్న నడిపాడు, పక్కన మెకానిక్, వెనక నేను. దిగుడు రాగానే నాన్న ఎడమ చెయ్యి లివర్‌ని న్యూట్రల్‌లోకి తోసింది. కిందికి రాగానే, అదే వేగంలో, మళ్లీ డ్రైవ్‌లోకి. మాట్లాడుతూనే చేశాడు, తనకే తెలీదు. మెకానిక్ వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

తర్వాత నాకొక్కదానికే చెప్పాడు. జబ్బు కొంత పాతదేనట, మిగతాది మీ నాన్నగారి చెయ్యి అన్నాడు. దిగుడులో న్యూట్రల్ వేసి బస్సులో డీజిల్ మిగిల్చిన అలవాటు ఈ ఆటోమేటిక్‌కి విషమట. గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్లేట్లు ఇంకా బతికున్నాయి కాబట్టి ఆయిలు, ఫిల్టరు మార్చి వాల్వ్ బాడీ శుభ్రం చేస్తే పద్దెనిమిది వేలతో పోతుంది. ఇలాగే నడిపితే మాత్రం లక్షన్నర ఖాయం.

ఎలా చెప్పను? ముప్పయ్యేళ్లలో బస్సుకి గీత పడనివ్వని మనిషి. చెడగొట్టింది నువ్వే అంటే ఇక స్టీరింగ్ ముట్టుకోడు.

మార్చి 26
అమ్మకి చెప్పేశాను. బట్టలు మడతపెడుతూ అంతా విని, ఆయనతో అనకు అంది. అనకపోతే అలవాటెలా మానతాడు అన్నాను. డిగ్రీ ఉంది గానీ నీకేం తెలుసే అంది. ఒళ్లు మండింది.

ఏప్రిల్ 2
బండి వచ్చింది. ముగ్గురం వెళ్లాం, అమ్మ ముందు సీట్లో. దిగుడు మొదలవగానే నాన్న చెయ్యి లివర్ వైపు లేచింది. భయంగా ఉందండీ అని అమ్మ ఆ చెయ్యి పట్టేసుకుంది. నాన్న నవ్వి, నేనున్నాగా అన్నాడు. కిందికి వచ్చేదాకా వదల్లేదు అమ్మ.

మా అమ్మకి దేనికీ భయం లేదు.