నీకు వద్దన్న పాలు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పాలు నీ రొమ్ములో గడ్డను పెంచుతాయని గుడియాత్తం ప్రార్థన కూటంలో ప్రసంగం చేస్తా అరిచి, నీ చేత కాఫీ కూడా మాన్పించినోణ్ణి నేనే. దేవుడు చెప్పినాడన్నాను. ఆయన చెప్పలేదక్కా, నేనే చెప్పినా. నా నోరు పడిపోను!

ఇప్పుడు నీ కూతురు శాంతికీ అదే గడ్డ. వేలూరు ఆసుపత్రిలో పాల సంగతి అడిగినా. పాలలోని ఒక ప్రొటీను కొవ్వు ఆమ్లంతో కలిస్తే, ల్యాబులో క్యాన్సర్ కణాల పొరను చించేస్తాదని చెప్పింది డాక్టరమ్మ.

"అయితే పాలతోనే గడ్డను కరిగిస్తాం!" అని లేచినా.

"కూర్చో మామా. పాలొద్దని మా అమ్మను మాడ్చినావు, ఇప్పుడు నన్ను పాలల్లో ముంచుతావా?" అనింది శాంతి.

తాగే పాలతో అది జరగదంట. ఆపరేషనే కావల్లంట. సంతకం పెట్టినా.

పాలు తేనెలు పారే దేశమని బైబిల్లో చదివే ఈ నోరే, చివరి రోజు నువ్వు "ఒక్క గుక్క కాఫీ ఇవ్వరా" అంటే, కీర్తన పాడింది.