కొట్టేసిన మాట

అక్కకి,

తమ్ముడు నమస్కరించి రాస్తున్నాడు. ఇక్కడ అందరం ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ, బావా, పిల్లలూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి స్థిమితపడ్డాను. 'ఒంట్లో' అని ఎందుకు కలిపానో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది. ఫోన్ చేసి చెప్పొచ్చు కదరా అంటావు. ఫోన్లో నువ్వు 'ఊఁ, ఊఁ' అంటూ వింటుంటే అసలు మాట తప్ప అన్నీ నోట్లోంచి వస్తాయి. అందుకే కాగితం పట్టుకున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నీ మరదలి మోకాలు కాస్త నయం. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు, ఈవిడ మేడమీద బట్టలు ఆరేయడం మానదు. నీ మేనల్లుడికి కళ్ళజోడు వచ్చింది. అది పెట్టుకుని నా మొహంలోకి తేరిపార చూసి, "నాన్నా, నువ్వు ఇంత ముసలాడివా?" అన్నాడు. వాడి నోటికి అదుపు లేదు, అంతా మేనత్త పోలికే. బడి కప్పు సంగతి అడిగావు. కొత్త గది ఒక్కటే కారడం లేదు, మిగతా గదుల్లో బకెట్లు పెడుతూనే ఉన్నాం. కంప్యూటర్ల మీదికి నువ్వు కుట్టి పంపిన కవర్లు అందాయి. కొలతలు నేను తప్పు రాసినా నువ్వెలా సరిగ్గా కుట్టావో అంతుపట్టలేదు. అంచుకి వేసిన నీలం పట్టీ ఎంత బాగుందో.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "కంప్యూటర్ గది ప్రారంభం దగ్గరపడినా నన్ను పిలవలేదేంట్రా? అంత పెద్దవాడివైపోయావా?" అని అడిగావు. అది చదివి ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. మళ్ళీ తియ్యబుద్ధి కాలేదు. దానికి జవాబు చెప్పాలంటే ఆ గది ఎలా వచ్చిందో మొదట్నుంచీ చెప్పాలి.

హెడ్మాస్టరంటే చదువు చెప్పించే ఉద్యోగం అనుకున్నాను. ప్రభుత్వ బడిలో అది చెయ్యి చాచే ఉద్యోగమని ఈ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది. ఇకమీదట పిల్లలు పెద్ద పరీక్ష కంప్యూటర్ మీదే రాయాలని పైనుంచి కాగితం వచ్చింది. కంప్యూటర్లు మాత్రం రాలేదు. ఆఫీసుకి వెళ్తే "దాతల్ని చూసుకోండి మాస్టారూ" అన్నారు. చూసుకున్నాను. ఒక కంపెనీవాళ్ళు నెట్ ఉన్న బళ్ళకే కంప్యూటర్లు ఇస్తామన్నారు. నెట్ వాళ్ళేమో కంప్యూటర్లున్న బళ్ళకే కనెక్షన్ ఇస్తామన్నారు. ఇద్దర్నీ ఒక గదిలో పెట్టి బయట గడియ వేయాలనిపించింది. ఇంకొకాయన ముందు ఫోటో దిగి, ఆనక తన ఆఫీసులో పాడైనవన్నీ పెట్టెలకెత్తించి పంపాడు. ఒక్కదానికీ వైరు లేదు. మా డ్రిల్లు మాస్టారు తెలుసుగా, పిల్లలు ఈల మాస్టారు అంటారు, అతను వాటిని చూసి, "సార్, వీటితో బరువులెత్తే పోటీ పెట్టుకోవచ్చు" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అప్పటిదాకా పిల్లలు అట్టముక్కల మీదే నేర్చుకున్నారు. కీబోర్డు బొమ్మ గీసిచ్చి అక్షరాల మీద వేళ్ళు ఆడించమనేవాణ్ణి. మొదటి వరసలో ఒక పిల్ల ఉంటుంది, నోట్లో నాలుక లేనట్టుంటుంది. ఒకరోజు ఆ పిల్ల లేచి, "సార్, నేను కొట్టింది ఎక్కడ కనబడుతుంది?" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేశాను. ఇంటికొచ్చాక ముద్ద దిగలేదు.

అలాంటప్పుడు ఒక ట్రస్టు సంగతి తెలిసింది. దాన్ని నడిపే మేడమ్ బాగా పెద్దావిడ. ఎన్నో ఏళ్ళ కిందట ఆవిడ కూతురు బడికెళ్ళే వయసులోనే జబ్బుచేసి చనిపోయిందట. ఆ పిల్ల పేరుమీద ప్రభుత్వ బళ్ళలో కంప్యూటర్ గదులు పెట్టిస్తోంది. దరఖాస్తులో 'ఈ గది ఎందుకు కావాలో మీ మాటల్లో రాయండి' అని ఉంది. అందరూ పిల్లలెందరు, గదులెన్ని అని అడిగినవాళ్ళే గాని ఇలా అడిగినవాళ్ళు లేరు. కూర్చుని నీ గురించి రాశాను. నిన్ను ఒక్కమాట అడక్కుండా రాశాను, అదొక తప్పు. అమ్మ మంచాన పడితే ఇల్లు చూసుకోడానికి నువ్వు బడి మానేసిన సంగతి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని నాచేత గుణింతాలు దిద్దించిన సంగతి, నీ పుస్తకాలకే అట్టలు మార్చి నాకిచ్చిన సంగతి, అన్నీ రాశాను. రాస్తుంటే కళ్ళు మసకబారాయి, నవ్వకు.

నెట్ సెంటర్లో అదంతా ఎక్కించబోతే, మాటలు ఎక్కువయ్యాయని కంప్యూటర్ తీసుకోనంది. ఒక్కొక్కటీ కొట్టేస్తూ వచ్చాను. అమ్మ మంచం తీసేశాను, పొయ్యి తీసేశాను, గుణింతాలు తీసేశాను. ఇంకా ఒక్క మాట ఎక్కువంది. 'ఏడో తరగతిలో మా అక్క చదువు పోయింది. ఆమె పుస్తకాలతోనే నా చదువు సాగింది' అని ఉందక్కడ. నీకు తెలుసుగా, నేను మొదట తెలుగు మాస్టర్ని, తర్వాతే హెడ్మాస్టర్ని. పక్కపక్క వాక్యాల్లో ఒకే మాట కనబడితే నా చెయ్యి ఊరుకోదు. మొదటి 'చదువు' కొట్టేశాను. దరఖాస్తు వెళ్ళిపోయింది. గండం గట్టెక్కిందనుకుని ఇంటికొచ్చేశాను.

ఇప్పుడు ఆ వాక్యం చదువు అక్కా. 'ఏడో తరగతిలో మా అక్క పోయింది.'

మేడమ్ బడి చూడ్డానికి వచ్చేదాకా నాకా సంగతి తట్టలేదు, నీ మీద ఒట్టు. నీ మీద ఒట్టు పెట్టుకునే మొహం కూడా నాకిప్పుడు లేదనుకో. ఆవిడ చేతికర్రతో మెల్లగా గదులన్నీ తిరిగింది. వరండాలో బెంచీ మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. "మీరు రాసింది మావారికి కూడా చదివి వినిపించానండీ. ఇంట్లో ఆడపిల్ల పోతే ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు మీరు. మీకు కాక ఎవరికిస్తాను?" అంది. ముందు నాకు అర్థం కాలేదు. అర్థం కాగానే 'అయ్యో, కాదండీ' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆ అట్టముక్క పిల్ల వరండా చివర నిలబడి మమ్మల్నే చూస్తోంది. నేను తల దించుకున్నాను. ఆవిడ అది దుఃఖమనుకుంది. మీ అక్క పేరేమిటని అడిగితే చెప్పాను కూడా. మాట కొట్టేసింది తెలియకే గాని, నోరు మూసుకున్నది మాత్రం తెలిసే.

ఆ తర్వాత అంతా పరుగే. గదికి సున్నం వేశారు, కరెంటు లాగారు, కంప్యూటర్లు దించారు. పనిచేస్తున్నాయో లేదో చూద్దామని పిల్లల్ని కూర్చోబెట్టాం. ఆ పిల్ల తన పేరు కొట్టింది. అది తెరమీద కనబడగానే చేతులు ఒళ్ళో పెట్టేసుకుని చూస్తూ ఉండిపోయింది. లేవమంటే చెరిపేస్తారేమోనని లేవదు. ఆ రోజు మేడమ్ కూడా వచ్చింది. కవర్లు తడిమి చూసి, "ఎంత పొందికైన కుట్టు! ఎవరు కుట్టారు?" అంది. నేను "ఎవరో టైలరమ్మండీ" అన్నాను. 'ఎవరో' అన్నాను అక్కా, నాకు 'అ' అంటే ఏమిటో నేర్పినదాన్ని పట్టుకుని.

మొన్న గోడకి ఫలకం బిగించారు. నల్లరాతి మీద ఆవిడ కూతురి పేరు, దాని కింద నీ పేరు. రెండు పేర్ల ముందూ 'కీర్తిశేషులు'. ఈల మాస్టారు నిన్ను ఎరుగును. కిందటేడు నువ్వొచ్చినప్పుడు అతని చొక్కా సరిచేసి ఇచ్చావు. ఫలకం చదివి నావైపు తిరిగి, "సార్, ఇదేంటి సార్?" అన్నాడు. అతను అంత చిన్న గొంతుతో మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. నిన్ను పిలవకపోవడానికి కారణం అదీ. పెద్దవాణ్ణయిపోయి కాదు. నువ్వొస్తే ఆ గోడ మీద నీ పేరు చదువుకుంటావని.

నిజం చెబితే గది పోతుందేమో. పిల్లలు మళ్ళీ అట్టల మీదికొస్తారేమో. చెప్పకపోతే రోజూ ఆ గదిలోకి అడుగుపెట్టేటప్పుడల్లా బతికున్న నిన్ను నేనే చంపినట్టు. ఎటూ పాలుపోలేదు. ఇంతలో నీ ఉత్తరం వచ్చింది. ఇక ఆగలేక ఇవాళ పొద్దున ఆవిడకి ఫోన్ చేశాను. "అమ్మా, మా అక్క పోలేదు. ఆవిడ చదువు పోయింది. ఒక మాట కొట్టేశాను. మీరు పొరబడ్డారని తెలిసి కూడా ఊరుకున్నాను" అని గడగడా చెప్పేశాను. ఆవిడ, "మీ అక్కకి ఇప్పుడెన్నేళ్ళు?" అంది. చెప్పాను.

"మా అమ్మాయి ఉండుంటే ఆ వయసే" అని పెట్టేసింది.

మధ్యాహ్నం ట్రస్టు మనిషి వచ్చి ఫలకం విప్పుకుపోయాడు. కంప్యూటర్ల సంగతేమిటని అడిగితే, "నాకేం చెప్పలేదండీ" అన్నాడు. పిల్లలు తలుపు దగ్గర మూగి, "సార్, ఇవాళ మా పీరియడ్ ఉందా?" అని అడుగుతున్నారు. ఆ పిల్ల అందరికంటే ముందుంది. ఈల మాస్టారు వాళ్ళని ఆటలకి తీసుకెళ్ళాడు.

నన్ను ఎంత తిట్టాలనుంటే అంత తిట్టు. బావకి కూడా చెప్పు, దాచొద్దు. ప్రారంభం ఉంటుందో ఉండదో నాకు తెలియదు, ఉన్నా లేకపోయినా నువ్వు రా. ఆవిడ ఇంటికెళ్ళి క్షమించమని అడగాలి, ఒక్కణ్ణే వెళ్ళడానికి కాళ్ళు రావడం లేదు. నిన్ను చూస్తే ఆవిడకి ఇంకా కష్టంగా ఉంటుందేమో, అదీ తెలియదు. నువ్వు వద్దంటే ఒక్కణ్ణే వెళ్తాను. ఇద్దరం వెళ్తే మొహం మీదే తలుపు వేసినా వేస్తుంది. వేయకపోతే మాత్రం నిన్ను ముందు నిలబెట్టి, 'ఆ కవర్లు కుట్టింది ఎవరో కాదండీ, మా అక్క' అని చెప్పాలి.

ఇట్లు,
నువ్వు బడి మానేసిన ఏడు బళ్ళో చేరిన
నీ తమ్ముడు