మైకులో నా ఎడమ కన్ను

ఒరే మైకు ఎలీషా,

నీతో మాట్లాడనని ఒట్టేసుకున్నా. రాయనని వేసుకోలా. అందుకే ఈ కాగితం మీ ఆవిడ శౌరమ్మ పాలకేనుకి కట్టి పంపుతున్నా. నాలుగో తరగతి చదువు, తప్పులుంటే నవ్వుకో. ఊరంతా ఎలాగూ నవ్వుతోంది.

ఆ రోజు కాలవగట్టు మీద నీకేం చెప్పాను? "ఎడమ కన్ను ఆనట్లేదురా. మాణిక్యానికి తెలిస్తే బెజవాడ తీసుకెళ్లి కోయించేస్తది. నాకు భయంరా" అన్నాను. కట్టుకున్న దానికి చెప్పని మాట. కన్న కొడుక్కి చెప్పని మాట. నువ్వేమన్నావు? "నా నోటెంట రాదులే రత్తిగా" అన్నావు.

ఆదివారం పొద్దున గేదెకి గడ్డేస్తున్నా. మీ చర్చి మైకులో పాస్టరుగారు, "మన ఎలీషాగారి స్నేహితులు రత్తయ్యగారి ఎడమ కంటి కోసం, ఆయన భయం పోవడం కోసం ప్రార్థన చేద్దాం" అన్నాడు. కన్ను ఒక్కటే కాదురా, భయం కూడా! పామర్రు రోడ్డు దాకా వినపడే మైకు అది. మా మనవరాలు సింధూరి "తాతా, నువ్వు ఫేమస్సు" అని గెంతింది. టీకొట్టు బుల్లెమ్మ గ్లాసు పట్టుకుని, "పెదనాన్నా, ఎడం పక్క పెట్టేదా, కుడి పక్క పెట్టేదా?" అంది. ఊళ్లో అందర్నీ ఏడిపించేది నేను. ఇప్పుడు చూడు నా గతి.

రోజూ బుల్లెమ్మ కొట్లో పునుగులు తినేముందు నువ్వు కళ్లు మూసుకుంటావు. ఆ సందులో నీ ప్లేట్లోంచి ఒకటి లేపేసేవాణ్ణి. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నువ్వు కన్ను తెరిచి చూడలా. "ఏమడుగుతావురా ఆయన్ని?" అంటే, "నీకు బుద్ధి ఇమ్మని" అని నవ్వేవాడివి. అలాంటోడి దగ్గర మాట భద్రంగా ఉంటదనుకున్నా. దేవుడికి చెప్పావు, బాగుంది. ఆయన కడుపులో దాచుకుంటాడు. మైకు దాచుకుంటదా?

రేపట్నుంచి నా పునుగులు నావి, నీవి నీవి.

నీకేమీ కాని
రత్తయ్య


ఒరే దొంగ ఎలీషా,

బెజవాడ ఆసుపత్రి నుంచి రాస్తున్నా. కంటికి గుడ్డ కట్టారు, గీతలు వంకర పోతే నన్ననకు. ఆపరేషన్ అయిపోయింది. చీమ కుట్టినట్టు కూడా లేదు. ఈ ముక్క బుల్లెమ్మకి చెప్పకు.

పొద్దున మాణిక్యం బత్తాయి ఒలుస్తూ, "పాపం ఎలీషా అన్నయ్యని ఎందుకు తిట్టావయ్యా? అడిగింది నేను" అంది.

"నువ్వా?"

"ఎడం పక్క గ్లాసు పెడితే, పాలు కింద పోస్తుంటే తెలవదా? ఆసుపత్రి పేరెత్తితే నువ్వు గేదె దగ్గరికి పారిపోవడం చూళ్లేదా? దుర్గమ్మకి మొక్కుకున్నా. సింధూరికి జొరం వచ్చినప్పుడు శౌరమ్మ వదిన మూడు రాత్రుళ్లు దాని మంచం పక్కనుంచి లేవలా. తడిగుడ్డ వేస్తా, పెదాలు కదుపుకుంటా కూర్చుంది. అందుకే, 'మీ దేవుడికీ ఓ మాట చెప్పు వదినా' అన్నా. వదిన చెబితే పాస్టరుగారు మైకులో పెడతారని నాకేం తెలుసు?"

ఈ సంగతి నీకు ఆ ఆదివారమే తెలుసంటగా! శౌరమ్మ చెప్పిందంటగా! ఒక్క ముక్క చెబితే నా తిట్లు తప్పేవి. మా ఇంట్లో గొడవవుద్దని మింగేశావు. నేను అన్నేసి మాటలు రాసి పంపితే, మర్నాడు ఖాళీ కేనులో పునుగుల పొట్లం వచ్చింది. "సిగ్గులేనోడు" అని తిట్టుకుంటానే అన్నీ తినేశా.

దగా చేసింది ఇంట్లోది, తిట్లు తిన్నది నువ్వు. మాణిక్యాన్ని ఇప్పుడు ఏమన్నా అందామంటే బత్తాయి తొనలు నోట్లో కుక్కుతోంది.

శనివారం పంపిస్తారంట. బుల్లెమ్మ కొట్టుకి రా. ఒక కన్ను ఎలాగూ కట్టేసే ఉంది. నువ్వు ప్రార్థన చేసుకునేటప్పుడు రెండోది కూడా మూసుకుంటా. నా ప్లేట్లోంచి ఒక పునుగు తీసుకో.

తెరిచి చూడన్లే.

నీ
రత్తిగాడు