ఆ కాల్‌ను కంప్యూటర్ మింగలేదు

అమ్మకు,

నీ చిన్నోడు దణ్ణం పెట్టి రాస్తున్న ఉత్తరం. నేనూ నీ కోడలూ పాపా ఒంట్లో బాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందనీ, అక్క ఇంట్లో నీ మాటే చెల్లుతోందనీ రాశావు. సంతోషం. పాపం బావ, ఇంక నోరెత్తినట్టే!

అడిగినవాటికి జవాబులు చెబుతాను. పాపకు మూడో పన్ను వచ్చింది. ఎవరు వేలు పెట్టినా కొరుకుతోంది, నన్నయితే మరీ గట్టిగా. పక్క వీధిలో పిల్లల్ని చూసుకునే ఆవిడ దగ్గర దింపుతున్నాం. రెండు రోజులు ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. మూడో రోజు నావైపు కన్నెత్తి కూడా చూడకుండా ఆవిడ చంకెక్కేసింది. నీ బైండింగు జిగురు డబ్బా మూత బిగించే ఉంది, ఎండిపోలేదు.

"నా ఫోన్లు ఇంకా కంప్యూటర్లో మోగుతున్నాయా?" అన్నావు. లేదమ్మా. నువ్వు ఫోన్ ఎక్కడో పెట్టి మరిచిపోతావని, నీ కాల్స్ కంప్యూటర్లో కూడా మోగేట్టు నేనే కలిపాను కదా. "నా ఫోన్‌కి కవల పుట్టిందిరోయ్" అని నవ్వావు ఆ రోజు. మొన్న విడదీసేశాను.

ఇంకొక ప్రశ్న మిగిలింది. మరిచిపోలేదు, చేయి రాక వెనక్కి నెడుతున్నాను.

నాన్న పోయాక, ఇరవై ఏళ్ళు పుస్తకాలు బైండింగు చేసిన చేతులు ఊరికే ఉండలేవని, లైబ్రరీలో పాత పుస్తకాలు బాగుచేసే పనికి నీ అంతట నువ్వే అర్జీ పెట్టుకున్నావు. ఫోన్ చేస్తామన్నారు వాళ్ళు. పదకొండు రోజులు ఫోన్ పట్టుకుని తిరిగావు. రోజూ సాయంత్రం "ఫోన్‌లో ఏదైనా తేడా ఉందేమో చూడరా" అనేదానివి. ఫోన్లూ కంప్యూటర్లూ బాగుచేసి బతికేవాణ్ణి, చూడకుండా ఉంటానా? వైఫై ఆపి మళ్ళీ పెట్టాను. కంప్యూటర్లోంచి నీ నంబరు తీసి మళ్ళీ కలిపాను. సిమ్ము తీసి తుడిచాను. పక్క గదిలోంచి నీకు ఫోన్ చేసి "మోగిందా?" అని నేను అరవడం, "రెండిట్లోనూ మోగిందిరా!" అని నువ్వు వంటింట్లోంచి అరవడం. చేసిన ప్రతి పనీ కాగితాల మీద రాసుకున్నాను, నిజంగా వెతుకుతున్నవాడిలాగా. చివరికి "ఆ కాల్‌ను కంప్యూటర్ మింగేసి ఉంటుందమ్మా" అన్నాను.

"నాకోసం నీ పనులన్నీ మానుకున్నావు నాన్నా" అన్నావు నువ్వు. ఆ కాగితాలన్నీ చేర్చి కుట్టి, నీలం అట్ట వేసి నా చేతిలో పెట్టావు. ఫోన్ మీద నమ్మకం పోయి, అక్క దగ్గరికి వెళ్ళాక ఉత్తరాలు మొదలుపెట్టావు.

ఇప్పుడు అక్క కూతురు నీ ఫోన్లో పాత కాల్స్ చూపించిందట. లైబ్రరీ వాళ్ళతో రెండు నిమిషాల పది సెకన్లు మాట్లాడినట్టు ఉందట. "నేను మాట్లాడలేదు కదరా, కంప్యూటర్ దానంతటదే మాట్లాడుతుందా?" అని అడిగావు. అంతకుమించి ఒక్క మాట రాయలేదు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దగ్గర కాల్ లిస్టు లేదు మరి, నీ దగ్గరుంది.

కంప్యూటర్ మాట్లాడదమ్మా. నేనే మాట్లాడాను.

ఆ పదకొండు రోజుల్లో మొదటి రోజే అది. నువ్వు పాపకు నీళ్ళు పోస్తున్నావు. పాప నిద్ర చెడుతుందని మోత ఆపిన నీ ఫోన్ వంటింట్లోనే ఉండిపోయింది. కంప్యూటర్ మోగితే ఎత్తాను. నిన్ను పిలుద్దామనే ఎత్తాను, ఒట్టు. "సోమవారం నుంచి పనిలోకి రాగలరేమో అడగాలి, ఆవిణ్ణి పిలుస్తారా?" అంది అవతల మనిషి. స్నానాలగదిలో పాప కిలకిలా నవ్వుతోంది, నువ్వేదో పాడుతున్నావు. సోమవారం పాపను ఎవరు చూస్తారు? నాకు తోచింది అదొక్కటే. "అమ్మకు కుదరదండీ, ఇంట్లో చంటిపిల్ల ఉంది. ఆవిడే వద్దనుకుంది" అనేశాను. కుదరదని ఊరుకోవచ్చు కదా! నువ్వే వద్దనుకున్నావని చెప్పాను చూడు, అదే నన్ను తినేస్తోంది. తడి చేతులతో బయటికొచ్చి "ఎవర్రా?" అంటే, "నా కస్టమరు" అన్నాను.

ఫోన్లో చెబుదామని మూడుసార్లు చేశాను. నువ్వు "చెప్పు నాన్నా" అనగానే పాప పళ్ళ సంగతి చెప్పి పెట్టేశాను.

నీ కోడలికి మొన్న చెప్పాను. "నా పేరు చెప్పి, నాకోసం చేశానని మాత్రం అత్తయ్యతో అనకు" అంది. అప్పటినుంచి నాతో మాటల్లేవు. అనను కూడా. నాకోసమే చేశాను. నువ్వుంటే నాకు హాయి, అంతే.

నిన్న లైబ్రరీకి వెళ్ళాను. ఆ పని చూసే పెద్దావిడ ముందు, నీ పనితనం చూపిద్దామని నువ్వు కుట్టిన ఆ నీలం అట్ట పుస్తకం పెట్టాను. ఆవిడ మధ్యకు తెరిచి బల్ల మీద పరిచి చేయి తీసేసింది. పుస్తకం మూసుకోలేదు. కుట్టు వెంట వేలితో తడిమి చూసింది. తర్వాత మొదటి పేజీ చదివింది. "అమ్మకు కాల్ రావడం లేదు, కారణం కనుక్కోవాలి" అని నా రాత. కళ్ళజోడు తీసి నన్ను చూసింది.

"ఆ రోజు ఫోన్లో మాట్లాడింది మీరే కదూ? గొంతు గుర్తుంది."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆ పనిలో ఇంకొకరు చేరిపోయారట. తప్పు నాదేనండీ, మా అమ్మకు ఇంకేదైనా చూడండి అని బతిమాలాను. "ఆవిడ సంగతి ఆవిడే మాట్లాడాలి, మీరు కాదు" అంది. పుస్తకం తీసుకోబోతే అట్ట మీద చేయి వేసింది. "ఇది కుట్టినావిడకే ఇస్తాను, రమ్మనండి."

వెళ్ళమని చెప్పనమ్మా, వద్దనీ చెప్పను. నన్ను తిట్టడానికి వస్తావో, అసలీ గడపే తొక్కవో అదీ నీ ఇష్టం. నీ తరఫున ఇంకెప్పుడూ ఎవరికీ జవాబు చెప్పను. లైబ్రరీ వాళ్ళ నంబరు నీ ఫోన్లోనే ఉంది, ఆ రెండు నిమిషాల పది సెకన్ల పక్కన. ఫోన్ మీద అనుమానం పెట్టుకోకు. అందులో ఏ తేడా లేదు, ఎప్పుడూ లేదు.

ఇట్లు,
తేడా ఎక్కడుందో మొదటి రోజు నుంచీ తెలిసిన
నీ చిన్నోడు