మఫ్లరు బంతి

దాచేపల్లి,
జూన్ 8

తాడేపల్లిలో ఆటసామాన్ల దుకాణం నడుపుతున్న అష్రఫ్ గారికి —

దాచేపల్లి కాపురస్థురాలు, కీర్తిశేషులు రామాంజనేయులు భార్య కోటిరత్నం, వయసు డెబ్బై మూడు, ఇంట్లో కొడుకు కోటేష్, కోడలు శివపార్వతి, ఒక పాడిగేదె, చెప్పి రాయించిన ఉత్తరం. నాకు చదువు రాదు. ఫోనులో అన్న మాట అనలేదని రేపు ఎవరైనా అనొచ్చు. వేలిముద్ర పడ్డ కాగితాన్ని ఎవరూ కాదనలేరు. అందుకని ఉత్తరం.

మా కోడలు తాడేపల్లిలో పుట్టింటికి వచ్చినప్పుడు, గుప్పెట్లో ఇమిడే ఊలు బంతి ఒకటి మచ్చుకు అల్లించి పంపమన్నారట. పంపాను. ఆరు కుట్లతో మొదలుపెట్టి, చుట్టుకి ఆరు చొప్పున ముప్ఫై ఆరు దాకా పెంచి, నాలుగు చుట్లు పెంచకుండా అల్లి, మళ్ళీ ఆరేసి తగ్గించి మూతి మూశాను. లోపల పోసిన గింజ ఒక్కటి జారినా నన్ను అడగండి. పిల్లలు పారేసుకోకుండా చేతికి తగిలించుకునే గొలుసు కూడా అల్లాను, మీరు అడక్కపోయినా.

బంతి ఎగరకూడదు, ధబ్బున పడాలి అన్నారు గనక లోపల పత్తి గింజలు పోశాను. మూడేళ్ళ కిందట మా ఆయన నా మాట వినకుండా తెచ్చిన గింజలు. ఒక్కటంటే ఒక్కటి మొలవలేదు. నకిలీవని నేను, మంచివే, వాన లేక మొలవలేదని ఆయన. పోయిన శ్రావణంలో ఆయన పోయేదాకా మా ఇంట్లో ఇదే తగువు. మిగిలిన సగం ప్యాకెట్టు అటక మీద దాచాడు. పూసిన మందు పోయేదాకా కడిగి, ఆరబెట్టి నింపాను. ఇన్నాళ్ళకు ఒక పనికొచ్చాయి.

తా.క. ఊలు కూడా ఆయనదే. ముప్ఫై ఏళ్ళు మెడకు చుట్టుకున్న ఎర్ర మఫ్లరు విప్పాను. జాగ్రత్తగా చూసుకోండి.

ఇట్లు,
కోటిరత్నం వేలిముద్ర
సాక్షులు: రాసిన పక్కింటి టైలరు జైనాబీ, కొడుకు కోటేష్

*

తాడేపల్లి,
జూన్ 13

గౌరవనీయులైన కోటిరత్నమ్మ గారికి అష్రఫ్ నమస్కరించి రాయునది.

బంతి అందింది. ఇంత బిగువైన అల్లిక నేను చూడలేదు. ఇక్కడి కాలేజీ పిల్లలు వదలడం లేదు. ఇలాంటివే ఇంకో పదకొండు కావాలి. ఒక్కటే మనవి. చేతి గొలుసు వద్దండి, కత్తిరించేశాను. ఈ బంతికి చెయ్యి తగలకూడదు. తగిలితే అంతా చెడినట్టే.

తా.క. మా ఆవిడ నస్రత్ ముచ్చటపడి ముట్టుకోబోతే పిల్లలందరూ కేకలేసి ఆపారు.

ఇట్లు, తమ విధేయుడు,
అష్రఫ్

*

దాచేపల్లి,
జూన్ 17

అష్రఫ్‌కు — గారు తీసేశాను, గమనించు —

దాచేపల్లి కోటిరత్నం, వయసు అదే, ఇల్లు అదే, కోపం కొత్తది, చెప్పి రాయించిన ఉత్తరం.

చెయ్యి తగిలితే చెడిపోతుందా? ఈ చేత్తో కలిపిన ఆవకాయ కోసం మా బజారంతా జాడీలు పట్టుకుని నిలబడుతుంది. ఈ చేత్తో పురుళ్ళు పోశాను. చెయ్యి తగలకుండా అల్లడానికి నాకేమన్నా తొండం ఉందా? మీ దుకాణంలో అంత మడి పాటించేవాళ్ళుంటే పట్టకారుతో పట్టుకోమను. పదకొండు కాదు, అర బంతి కూడా అల్లను. ముందు ఈ ఒక్కదానికి జవాబు చెప్పు. చెయ్యి తగలకుండా నా బంతిని మీరు ఏం చేస్తున్నారు?

తా.క. గొలుసు కత్తిరించావా! రెండు పూటలు అల్లాను దాన్ని.

ఇట్లు,
కోటిరత్నం వేలిముద్ర (గట్టిగా నొక్కింది)
సాక్షులు: జైనాబీ, కోటేష్

రాసినామె మనవి: పెద్దమ్మ అన్నది అన్నట్టు రాయకపోతే ఊరుకోదండి. అయినా రెండు మాటలు మింగాను. — జైనాబీ

*

తాడేపల్లి,
జూన్ 21

పూజ్యులైన కోటిరత్నమ్మ గారికి అష్రఫ్ అనేక నమస్కారాలు.

తప్పు నాదేనమ్మా, విడమరిచి రాయలేదు. మీ చేతికి ఏ వంకా లేదు. ఇది కాళ్ళతో ఆడే ఆట. నలుగురైదుగురు గుండ్రంగా నిలబడి, బంతి నేల మీద పడకుండా ఒకరి తర్వాత ఒకరు కాలితో పైకి తంతారు. సింగరాయకొండ నుంచి వచ్చి చదువుకుంటున్న శ్రీరమ్య అనే అమ్మాయి మీ బంతిని వరసగా నలభై ఒక్కసార్లు తన్నింది. కుట్టు కూడా సడలలేదు. ఇప్పుడు మీ మనసు కుదుటపడిందని తలుస్తాను.

తా.క. మఫ్లరు సంగతి పిల్లలకు చెప్పాను. మీ వారు ఉండి ఉంటే ఎంత సంతోషించేవారో!

ఇట్లు,
అష్రఫ్

*

దాచేపల్లి,
జూన్ 25

ఒరేయ్ అష్రఫ్ —

దాచేపల్లి కోటిరత్నం, రామాంజనేయులు భార్య, ఆ మాట మరొక్కసారి చదువుకో, చెప్పి రాయించిన ఉత్తరం.

పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం. దారినపోయే మనిషికి తగిలినా అద్దుకుంటాం. మిర్చి యార్డుకు బస్తాలు తోలినప్పుడల్లా ఆయన మెడలో ఉన్న మఫ్లరు అది. దాన్ని నలభై ఒక్కసార్లు తన్నించి, పైగా ఆయన సంతోషించేవాడంటావా? యాభై రెండేళ్ళ కాపురంలో నేనే ఒక్కసారి తన్నలేదు. తన్నాలనిపించలేదని చెప్పను. ఆ పత్తి గింజలు తెచ్చిన రోజు బాగా అనిపించింది. అయినా కాలు కదపలేదు.

ఎనిమిది రోజుల్లో నా బంతి నా ఇంటికి రావాలి. రాకపోతే నేనే వచ్చి నీ దుకాణం మెట్టు మీద కూర్చుంటాను. జైనాబీ, కోటేష్ సాక్షులుగా కాదు, బలగంగా వస్తారు. గేదె పాలు పితకడానికి మనిషిని కూడా మాట్లాడాను.

తా.క. నలభై ఒకటి నిజమేనా? లెక్క ఎవరు పెట్టారు? అది తేలికేమో చూద్దామని పెరట్లో ఒక నిమ్మకాయని తన్నాను. రెండే పడ్డాయి. మోకాలు పట్టేసింది. ఆ పిల్ల ఏం తింటుంది?

ఇట్లు,
కోటిరత్నం వేలిముద్ర
సాక్షులు: జైనాబీ, కోటేష్ (నిమ్మకాయకు కూడా)

*

తాడేపల్లి,
జూలై 5

అమ్మా,

అష్రఫ్ చేతులు జోడించి రాయునది. మీ ఉత్తరం వచ్చేనాటికి బంతి నా దగ్గర లేదు. ఎవరో గట్టిగా తంతే దుకాణం కప్పు మీద పడింది. ఆ వెంటనే వానలు పట్టుకున్నాయి, ఎక్కలేకపోయాను. పోయిందనుకున్నాను. మీకు రాయడానికి ధైర్యం చాల్లేదు.

నిన్న తెరిపి ఇస్తే నిచ్చెన వేసి ఎక్కాను. బంతి నీళ్ళు పోయే తూము దగ్గర ఇరుక్కుని ఉంది. చెబితే నమ్మరు. మొలిచిందమ్మా. అల్లిక సందుల్లోంచి నాలుగు మొక్కలు, ఒక్కోదానికి రెండేసి ఆకులు. నస్రత్ పుట్టింటివాళ్ళు పత్తి వేస్తారు. చూసి, పత్తేనంది. ఆ గింజలు నకిలీవి కావమ్మా.

తా.క. ఇప్పుడు తన్నడానికి మనసొప్పదు, ముట్టుకోవాలంటే భయం. చెయ్యి తగలొచ్చా?

ఇట్లు,
అష్రఫ్

*

దాచేపల్లి,
జూలై 9

అష్రఫ్ గారికి — గారు తిరిగి పెట్టాను —

దాచేపల్లి కాపురస్థురాలు కోటిరత్నం, వయసు డెబ్బై మూడు, ఇంట్లో అందరూ క్షేమం, చెప్పి రాయించిన ఉత్తరం.

మీ ఉత్తరం జైనాబీ చేత మూడుసార్లు చదివించాను. నాలుగు మొక్కలేనా అని అడిగాను. నాలుగే అంది.

కంచంలో అన్నం పెట్టినప్పుడల్లా నకిలీ గింజల సంగతి ఎత్తేదాన్ని. మళ్ళీ వేసి చూపిస్తానంటే గట్టు ఎక్కనివ్వలేదు. "పడెయ్యకే, ఉంచు" అని అటక ఎక్కించాడు, అంతే. ఇంకేం అనలేదు. అనుంటే తిరిగి తిట్టేదాన్ని, నాకూ కాస్త తేలిగ్గా ఉండేది.

బంతిని చేత్తోనే పట్టుకోండి. మీరూ, మీ ఆవిడా, రెండేసి చేతులతో. మట్టి పోసిన డబ్బాలో పెట్టి ఉంచండి, కోటేష్ బస్సులో వచ్చి ఒళ్ళో పెట్టుకుని తెస్తాడు. ఆయన ఆ గింజలు వేసిన పొలం చెక్కలోనే నాటుతాను.

మీ పదకొండు బంతులు మొదలుపెట్టాను. మఫ్లరు ఇంకా చాలా ఉంది. తన్నుకోండి. ఎన్ని తన్నినా పైకి లేచే మనిషని తేలిపోయిందిగా. లోపల మాత్రం ఈసారి ఇసక పోస్తున్నాను. ఆయన ఇంకోసారి గెలవడానికి వీల్లేదు.

తా.క. నిమ్మకాయ ఐదుకు వచ్చింది. శ్రీరమ్యకు చెప్పండి.

ఇట్లు,
కోటిరత్నం వేలిముద్ర
మొదటి సాక్షి: రాసిన జైనాబీ
రెండో సాక్షి: గోడ మీద ఫొటోలో ఉన్న రామాంజనేయులు. ఎదురుగా నిలబడి చదివించాను. విన్నాడు.