నీ వేప తలుపు

నాయనా, నీ వేప తలుపు బాగుండాది.

వానల్లో కొడితే మానులో చెమ్మ నిలుస్తాదని, ఆకు రాలిందాకా గొడ్డలి ముట్టనియ్యలేదు నువ్వు. మందపాటి పలకల మధ్య పుల్లలు పెట్టి, కొసలకి పేడ పూసి, కొట్టంలో నీడకి పేర్చినావు. తొందరపడితే పగులుతాదని ఏళ్ల తరబడి ఆపినావు. అందాకా మన గుమ్మానికి గోనెపట్టే.

నిన్న నీ తద్దినానికి ఆత్మకూరు నుంచి ఉదయగిరి వచ్చినాను. "పొలంలో భాగం వద్దని సంతకం పెట్టి లోపలికి రా" అన్నాడు అన్న. పెట్టనన్నాను. నా మొగం మీదే తలుపేసినాడు.

భలే ఆరబెట్టినావులే. ఎక్కడా పగులు లేదు, సందు లేదు. లోపల నీ పేరు చెప్పి మంత్రాలు చదువుతుంటే, బయట నిలబడ్డ నీ కూతురికి ఒక్క ముక్క వినపడలేదు.