బ్యాంకుల మీద చెయ్యెత్తిన రోజు

8 సెప్టెంబర్ 2011

అర్థం కాని విషయం మీద జనాన్ని ఓటు అడగడం న్యాయమేనా? ఎం.ఏ. నాటి నుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇప్పుడు నా పీహెచ్‌డీ స్టూడెంట్ భూదేవి దాని మీదే రాస్తోంది. దాదాపు వందేళ్ల కిందట అమెరికాలో ఒక రాష్ట్రం. బ్యాంకుల రూల్స్ కోసం ఊళ్లను జనాభాను బట్టి తరగతులుగా విడగొట్టే అధికారం శాసనసభకు ఇద్దామా అని బ్యాలట్‌లో అడిగారు. జనం వద్దన్నారు. అర్థం కాకే వద్దన్నారని భూదేవి వాదన. నాదీ అదే. నెలాఖరుకు సబ్మిషన్. ఆ తేదీ దాటితే రిజిస్ట్రేషన్ రద్దు.

14 సెప్టెంబర్

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె. క్లాసుల్లేవు, సబ్మిషన్లు మాత్రం తీసుకుంటున్నారు.

ఆర్ట్స్ కాలేజీ ముందు టెంట్‌లో వెంకటేశ్వర్లు అనే కుర్రాడు భూదేవిని ఆటపట్టించాడు. మేం రాష్ట్రం కోసం కొట్లాడుతుంటే నీకు అమెరికా బ్యాంకులు గావాల్నా అక్కా, అని. అయితే మీరే ఓటెయ్యుండ్రి అంటూ మైకు లాక్కుంది. జనగామ బ్యాంకుకు, హైదరాబాద్ బ్యాంకుకు వేరేవేరే రూల్స్ పెడ్దామా? ఏది ఏ తరగతో అసెంబ్లీ చెప్తది.

వేరు కావాలని కూర్చున్నవాళ్లు, వేరుకే చెయ్యెత్తుతారనుకున్నాను. దాదాపు అందరూ వద్దన్నారు! గీత గీసేది వాళ్లే గదా అక్కా, రేపు మనల్ని ఏ తరగతిల పడేస్తరో ఎవనికెరుక, అన్నాడు వెంకటేశ్వర్లు.

అందరూ నవ్వారు. భూదేవి నవ్వలేదు.

15 సెప్టెంబర్, ఉదయం

భూదేవి ఇంటికొచ్చింది. ఆ అమెరికావాళ్లు సమజై కూడా వద్దనొచ్చు గదా మేడం, నేను ఆ దిక్కే చూడలె, మెయిన్ చాప్టర్ తిరగరాయాలె, అంది. టెంట్‌లో ఓటు ఎవిడెన్స్ కాదు, ముందు సబ్మిట్ చెయ్యి, పుస్తకంగా వేసేటప్పుడు దిద్దుకుందువు, అన్నాను. డౌటొచ్చినంక సంతకం ఎట్ల పెడ్త మేడం?

ఈ అమ్మాయికి పిచ్చేమిటే, అన్నారు మా ఆయన ఉమాపతి, ఆమె వెళ్లాక. నాకు మాత్రం ఆమె ముందు లేచి నిలబడాలనిపించింది.

22 సెప్టెంబర్

భూదేవి అడిక్‌మెట్ నెట్ సెంటర్‌లో ఆనాటి అమెరికా పేపర్లు చదువుతోందట.

30 సెప్టెంబర్

సబ్మిట్ చెయ్యలేదు. పాత పేపర్లలో పాఠకుల ఉత్తరాలు దొరికాయట. వెంకటేశ్వర్లు అన్నమాటే, వందేళ్ల ముందు. రెండేండ్లు పోతే పోనీ, మళ్ల రిజిస్టర్ చేసుకుంట, అంది. ఇంత ధైర్యం నాకా వయసులో లేదు. ఇప్పుడూ లేదు.

వెళ్తూ అడిగింది. రేపు రాష్ట్రం మీద ఓటు పెడితే మీరు దేనికేస్తరు మేడం? మాది గుంటూరని ఆమెకు తెలుసు, పాతికేళ్లుగా తార్నాకే మా ఊరనీ తెలుసు. నేను ఖాళీ కప్పులు తీయబోయాను. అడగలేదనుకోండి, అని చెప్పులు వేసుకుంది.

1 అక్టోబర్

వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు చెయ్యెత్తి చూశాను. ఒకసారి ఔనని. ఒకసారి కాదని. రెండుసార్లూ దించేశాను.

ఎటు వేస్తానో నాకే తెలియదు.